చిన్న సంతోషముల చిట్టా

మనుష్యుని జీవితములో గొప్ప సంతోషములు కొన్నియే. పెండ్లి, బిడ్డ పుట్టుట, పరీక్షలో నెగ్గుట, క్రొత్త యింట చేరుట మొదలగునవి ఏండ్లకొకసారి వచ్చునవి. వానికొరకు ఎదురుచూచుచు, మిగిలిన దినములను లెక్కకు రానివిగా త్రోసివేయువారే లోకములో పెక్కుమంది. కాని బ్రతుకు గడచునది ఆ మిగిలిన దినములలోనే. ఉదయమున త్రాగిన చల్లని నీరు, ఎండపూట దొరికిన చెట్టునీడ, రాత్రి ఎక్కడినుండియో వినవచ్చిన పాట, ఇట్టి చిన్న సంతోషములు నిత్యము మన గడప త్రొక్కుచునే యుండును. వచ్చినపుడు కూర్చుండుమని పీట వేయువారు లేరు. పోయినపుడు తలచుకొనువారును లేరు. కష్టములకు మాత్రము ప్రతి యింటను లెక్క యుండును.

కడప జిల్లాలోని కమలాపురము పాపఘ్ని నది యొడ్డున నున్న యూరు. ముంబయి నుండి చెన్నపట్టణమునకు పోవు రైలుమార్గమున, కడపకు ముందు వచ్చు స్టేషనులలో ఇది యొకటి. పాపఘ్ని కర్ణాటకములోని నందికొండల ప్రాంతమున పుట్టి, గండి కనుమను దాటి, వేంపల్లె మీదుగా వచ్చి, ఈ యూరికి సమీపముననే పెన్నలో కలియును. సంవత్సరములో చాల నెలలు ఆ నది యనగా ఇసుకయే. అయినను ఆ యిసుకను చూచి నదిని తక్కువగా నెంచరాదు. 2021వ సంవత్సరము నవంబరులో వచ్చిన వరదకు కమలాపురము కడనున్న పాపఘ్ని వంతెన కూలిపోయెను. వచ్చిననాడు వెల్లువ, రానినాడు ఎడారి. ఇట్టి నీటితో కాపురము చేయు సీమ యిది. వాన కురియని యేడు పైరు లేదు. పైరు లేని యేడు అప్పు తీరదు. అందుచేతనే ఈ జిల్లానుండి వేలకొలది స్త్రీపురుషులు కొన్ని దశాబ్దములుగా కువైటు మొదలగు గల్ఫు దేశములకు పనికై పోవుచున్నారు.

అట్లు పోయినవారి యిండ్లలో ఒకటి కమలాపురములో ఉన్నది. ఇంటి యజమాని కువైటులో కారు డ్రైవరు. ఇంట అతని తండ్రి, తల్లి, భార్య, ఎనిమిదవ తరగతి చదువుచున్న కూతురు ఉందురు. కువైటులో శుక్రవారము సెలవు దినము. మనకు మధ్యాహ్నము రెండున్నర గంటలైనపుడు అక్కడ పండ్రెండు గంటలగును. ప్రతి శుక్రవారము ఆ వేళకు అతడు ఇంటికి ఫోను చేయుట వాడుక. అపుడు ఇంటివారందరు ఒకరి తరువాత నొకరు మాటలాడుదురు. బోరులో నీరు తగ్గినదని తండ్రియు, మోకాలినొప్పి తగ్గలేదని తల్లియు, కుదువబెట్టిన నగలమీది వడ్డీ గడువు దగ్గరపడినదని భార్యయు చెప్పుదురు. మాటలు ముగియునప్పటికి కష్టములన్నియు చెప్పబడియుండును. సుఖమును గూర్చి ఒక్క మాటయు ఉండదు.

2025వ సంవత్సరము మార్చి 30వ తేది, ఆదివారము, విశ్వావసు నామ సంవత్సర ఉగాది. పండుగ గనుక అతడు ఆనాటి రాత్రి ప్రత్యేకముగా ఫోను చేసెను. ఇంటివారు ఎప్పటివలెనే కష్టములు చెప్పదొడగిరి. అతడు కొంతసేపు విని, మెల్లగా ఇట్లనెను: “అమ్మా, ఇవన్నియు మీరు చెప్పకయే నాకు తెలియును. ఈ నెల రోజులలో మీకు ఏది బాగుండెనో అది నాకు చెప్పండి. నేను ఎవరి సుఖము కొరకు ఇంత దూరమున ఉన్నానో, ఆ సుఖము ఎట్లున్నదో నాకు తెలియవద్దా?”

ఆ మాటకు పెద్దలెవ్వరును బదులు చెప్పలేకపోయిరి. కూతురు మాత్రము, “నేను వ్రాసి పంపుదును నాయనా” అనెను. మరునాడు ఆమె ఒక క్రొత్త నోటుపుస్తకము తీసికొని, ప్రతి పుటను మూడు గడులుగా గీచెను. మొదటి గడిలో సంతోషము ఏది యనియు, రెండవ గడిలో ఎవరికి కలిగినదనియు, మూడవ గడిలో ఎవరి వలన కలిగినదనియు వ్రాయవలెనని నిశ్చయించుకొనెను. అంగడివారు అప్పులకు చిట్టా వ్రాసినట్లు, ఆ బాలిక సంతోషములకు చిట్టా వ్రాయ మొదలిడెను.

అయితే మొదటినాడే ఒక చిక్కు వచ్చెను. ఆమె జేజి దగ్గరకు పోయి, “జేజీ, నీకు ఏది బాగుండెనో చెప్పు” మనగా, ఆ ముసలామె ముఖము త్రిప్పుకొనెను. “నాకేమి సంతోషము పాపా! కన్నకొడుకు కంటికి కానరాక యుండగా, నేను సంతోషముగా నున్నానని వాడికి వ్రాయుదువా? వినినవారు ఏమనుకొందురు? నా పేరు ఆ పుస్తకములో ఎక్కించవద్దు” అని ఖండితముగా చెప్పెను. ఇందు తప్పు పట్టవలసినది లేదు. ప్రియమైనవారు దూరమున శ్రమపడుచుండగా తాము నవ్వుట వారిపట్ల ద్రోహమని తలచు తల్లులు ఈ సీమలో ఆమె యొక్కతెయే కాదు.

చిట్టాలోని మొదటి పద్దు పక్కింటినుండి వచ్చెను. కడపలోని దేవుని కడప వేంకటేశ్వరాలయమునకు ఉగాదినాడు ముస్లిములు వచ్చి పూజ చేయించుట చిరకాలపు ఆచారము. వేంకటేశ్వరుని దేవేరియైన బీబీ నాంచారమ్మ తమ యింటి ఆడబిడ్డ యని వారి విశ్వాసము. కనుక స్వామి వారికి అల్లుడు. ఆ యేడు ఉగాది మరునాడే, అనగా మార్చి 31వ తేదిన, రంజాను పండుగ వచ్చెను. బాలిక స్నేహితురాలి కుటుంబమువారు ఉగాదినాడు ఉపవాసముతోనే దేవుని కడపకు పోయి టెంకాయ కొట్టించి, మరునాడు ఈదు నమాజు చేసి, షీర్ ఖుర్మా గిన్నెను ఈ యింటికి పంపిరి. ఈ యింటినుండి ఓళిగలు ఆ యింటికి పోయెను. “రెండు పండుగలకు నడుమ ఒక్క రాత్రియే” అని స్నేహితురాలు పొంగిపోవుచు చెప్పిన మాటను బాలిక చిట్టాకెక్కించెను. మూడవ గడిలో ఎవరి పేరు వ్రాయవలెనో కొంతసేపు తోచలేదు. తుదకు “ఇరుగుపొరుగు” అని వ్రాసెను.

రెండవ పద్దు జేజినాయనది. అతడు వయసులో నున్నపుడు ఎర్రగుంట్ల ప్రాంతపు నాపరాతి గనులలో పనిచేసినవాడు. ఇంటి ముందరి అరుగునకు తాను తెచ్చిన బండలనే పరపించెను. చైత్రమాసపు ఎండకు ఆ బండలు పగలంతయు కాగి, ప్రొద్దుగ్రుంకిన తరువాత కూడ కాలు మోపనీయవు. దీపము పెట్టు వేళకు కోడలు వానిపై కడవెడు నీరు చల్లును. నీరు ఆవిరియగుచు రాతిలోని వేడిని కొంత తనతో కొనిపోవును. మరల ఒకసారి చల్లుదురు. రాత్రి రెండవ జాముననో బండ చల్లబడును. అపుడు పైపంచ పరచుకొని దానిపై మేను వాల్చుటకంటె మించిన సుఖము లేదని జేజినాయన చెప్పెను.

అతడు చెప్పిన మరియొక సంగతి బాలికకు మిక్కిలి నచ్చెను. గనిలో బండను లేపునపుడు దానిని సుత్తితో తట్టి చూతురు. గంటవలె మ్రోగిన బండ గట్టిది. డొల్లగా పలికినది లోపల పగిలినది. ఈ రాయి పొరలుపొరలుగా లేచుటకును కారణము కలదు. కోట్లకొలది సంవత్సరములకు పూర్వము, చెట్లు గాని చేపలు గాని ఇంకను పుట్టని కాలమున, ఈ ప్రదేశము సముద్రము క్రింద నుండెను. ఆ సముద్రపు అడుగున సున్నపు బురద పొరమీద పొరగా పేరి, గట్టిపడి రాయి యయ్యెను. ఈ కడప, కర్నూలు శిలలను పరిశోధించి విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రవేత్త 1872లోనే ఒక గ్రంథమును ప్రకటించెను. అనగా, వాన చుక్కకు మొగము వాచిన ఈ సీమలో మనుష్యులు వేసవి రాత్రులందు పండుకొనునది ఒక ప్రాచీన సముద్రపు అడుగుపైననే. ఈ మాట విని జేజినాయన, “నలుబది యేండ్లు ఆ సముద్రమును గడ్డపారతో త్రవ్వితినా!” అని నవ్వెను. ఆ నవ్వును కూడ ఆమె చిట్టాలో చేర్చెను.

ఏప్రిల్ 6వ తేది శ్రీరామనవమి. వీధి పందిటిలో బెల్లపు పానకము, వడపప్పు పంచిరి. మిరియాల ఘాటు గొంతులో దిగుచుండగా ఎండదెబ్బ మరచిపోయితిమని పిల్లలందరు ఏకకంఠముగా చెప్పినందున, ఆ పద్దును “అందరిది” అని వ్రాయవలసివచ్చెను.

మూడవది తల్లి సంతోషము. ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణము ఇతర క్షేత్రములందువలె నవమినాటి పగలు గాక, చైత్రశుద్ధ చతుర్దశినాటి రాత్రి వెన్నెలలో జరుగును. అచ్చటి గర్భాలయములో సీతారామలక్ష్మణులు ఒకే శిలయందు మలచబడిరి. హనుమంతుడు వారి సరసన ఉండడు. రాష్ట్రము విడిపోయిన తరువాత 2015 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శ్రీరామనవమి ఉత్సవములను ఇచ్చటనే అధికారికముగా జరుపుచున్నది. ఆ యేడు కల్యాణము ఏప్రిల్ 11వ తేదిన వచ్చెను. ఆనాడు శుక్రవారము. మధ్యాహ్నము భర్తతో ఫోనులో మాటలాడి, ఆమె పొరుగు స్త్రీలతో కలిసి బస్సెక్కెను. జనసమ్మర్దములో ఆమెకు పందిరి దరిదాపులకు పోవుటకే వీలుకాలేదు. దూరముగా నేలమీద కూర్చుండి, మంత్రములు వినుచు, తలపైకెత్తి చంద్రుని చూచెను. “పెండ్లి నేను చూడలేదు, వెన్నెల మాత్రము చూచితిని. ఇంటి పనిలో ఆకాశమువంక చూచి ఎన్నాళ్ళయ్యెనో!” అని ఆమె కూతురితో చెప్పెను. కోరి పోయినది దొరకక, కోరనిది దొరకుట కూడ ఒక సంతోషమే గదా!

ఆ నెలలో ఇంటిల్లిపాదియు కలిసి పొందిన వినోదము “మాయాబజార్” చిత్రము. 1957 మార్చి 27న విడుదలయైన ఆ చిత్రమును టీవీలో ఎన్నవసారియో చూచిరి. దర్శకుడు కె.వి. రెడ్డిగారిది అనంతపురము జిల్లా తాడిపత్రి. నిర్మాతలలో నొకరైన బి. నాగిరెడ్డిగారిది కడప జిల్లా పొట్టిపాడు. ఘటోత్కచుడు పెండ్లివంటలను ఆరగించు ఘట్టము వచ్చినపుడు జేజినాయన తన పండ్లులేని నోటిని కూడ ఆడించుట చూచి అందరు నవ్విరి. ఆ నాగిరెడ్డిగారే చక్రపాణిగారితో కలిసి 1947 జూలైలో “చందమామ” పత్రికను ప్రారంభించిరి. ఆ పత్రిక 2013 నాటికి నిలిచిపోయినను, దారముతో కుట్టిన పాత సంచికల కట్ట యొకటి ఈ యింటి అటుకపై ఉన్నది. బాలిక దానిని దించి, దుమ్ము దులిపి, మధ్యాహ్నపు టెండలో కదలక చదివెను. తండ్రి తన బాల్యమున పెన్సిలుతో ఒక బేతాళుని బొమ్మకు మీసములు గీచియుండుట ఆమె కంటబడెను. ఆ పద్దుకు మూడవ గడిలో “నాయన” అని వ్రాసెను.

బాలికకు స్వయముగా కలిగిన సంతోషము పాపఘ్నిలో దొరకెను. ఒక సాయంకాలము జేజినాయనతో నదిలోనికి దిగి, అతడు చూపినచోట చేతులతో ఇసుకను తోడెను. మోచేతి లోతు త్రవ్వగా ఇసుక తడిసెను. మరికొంత తోడగా నీరు మెల్లగా ఊరెను. మొదట బురదగా నున్న నీటిని రెండుమార్లు చేతులతో చల్లివేయగా, మూడవమారు తేటనీరు నిలిచెను. దానినే చెలమ యందురు. నది పైకి ఎండినను, దాని యిసుక వాననీటిని తన గర్భమున దాచుకొని యుండును. ఇసుకను మితిమీరి తరలించినచోట ఈ దాపరికము పోవును. అక్కడ ఎంత త్రవ్వినను చెలమ ఊరదు. “ఉన్నదానిని త్రవ్వుకొనవలె, త్రవ్వుటకు ఇసుకను ఉంచవలె” అని జేజినాయన చెప్పెను. దోసిటిలో చంద్రబింబమంత నీరు నిలిచినపుడు ఆమెకు కలిగిన ఆనందము ఏ కొళాయి క్రిందను కలుగలేదు.

నెల ముగియవచ్చెను. ఏప్రిల్ 27 అమావాస్య. పుస్తకములో అందరి పేర్లును ఉండెను గాని జేజి పేరు లేదు. అయితే బాలిక ఆ నెల దినములు జేజిని గమనించుచునే యుండెను. ఆమె చూచినది ఇది. జేజి తెల్లవారకముందే లేచి, గూటిలోని చిన్న రేడియో చెవిని త్రిప్పును. కడపలో ఆకాశవాణి కేంద్రము 1963లో వెలసెను. జేజికి జ్ఞానము వచ్చినది మొదలు ఆ గొంతుకలే తోడు. ఇప్పుడు ఆ ప్రసారములను చేతిఫోనులో కూడ వినవచ్చును గాని, జేజికి గూటిలోని రేడియోయే రేడియో. 1408లో ఈ కడప సీమలోని తాళ్ళపాకలోనే పుట్టిన అన్నమాచార్యుని కీర్తన ఏదైన వచ్చినపుడు, ఆమె రోటిలో ఊరుబిండి నూరుచు గొంతు కలుపును. వేయించిన చెనక్కాయ గింజలు, ఎండుమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి రోకలి పోటుకు నలుగుచుండ, పోటు పాట తాళముతో కలియును. అపుడు ఆమెకు మోకాలినొప్పి గుర్తుండదు. వేడి రాగిసంగటి ముద్దలో గుంట చేసి, నేయి వేసి, ఆ ఊరుబిండితో మనుమరాలికి పెట్టునపుడు ఆమె ముఖమున వెలుగు కానవచ్చును.

అమావాస్యనాటి సాయంకాలము బాలిక పుస్తకమును తెచ్చి, చదువురాని జేజికి మొదటినుండి చదివి వినిపించెను. ఇరుగుపొరుగు, నాపరాయి, పానకము, వెన్నెల, చందమామ, చెలమ అన్నియు అయ్యెను. తుదిని ఇట్లు చదివెను: “తెల్లవారుజాము రేడియో పాట. ఎవరికి? జేజికి. ఎవరి వలన? నాయన వలన.”

జేజి ఉలికిపడి, “మీ నాయన వలన నెట్లు?” అని యడిగెను.

“నాయన తన మొదటి జీతముతో కడపలో కొని తెచ్చినది గదా యీ రేడియో! నీవే చెప్పితివి. నీవు పాడునపుడు నాయన ఇచ్చినది వృథా కాలేదు. నీవు పాడుట మానివేసినచో, ఆయన అక్కడ ఎంత పనిచేసినను మన యింటికి ఏమి చేరినట్లు?” అని బాలిక పలికెను.

ముసలామె చాలసేపు మాటలాడలేదు. పిదప కొంగుతో కన్నులొత్తుకొని, “సరే, ఉండనిమ్ము. ఊరుబిండి కూడ వ్రాయుము. వాడికి వెల్లుల్లి ఎక్కువ వేయవలెను, ఆ మాటయు వ్రాయుము” అనెను.

బాలిక ఆ పుటలన్నింటికి ఫోనుతో బొమ్మలు తీసి తండ్రికి పంపెను. తరువాతి శుక్రవారము అతడు వడ్డీ మాట ఎత్తలేదు. బోరు మాట అడుగలేదు. “చెలమ ఎక్కడ త్రవ్వితిరి? వంతెనకు ఎగువనా, దిగువనా?” అని అడిగెను. కువైటు దేశములో ఒక్క నదియు లేదు. అచ్చటి ప్రజలు సముద్రజలమును శుద్ధిచేసి త్రాగుదురు. తాను కూడ ఒక చిట్టా వ్రాసితినని చెప్పి, అందులోని మూడు పద్దులు చదివెను. రాజంపేట మిత్రుడు పంచిపెట్టిన మామిడికాయ ఊరగాయ యొకటి. సాయంకాలము సముద్రపు గాలి యొకటి. సెలవునాడు ఎవరును లేపకుండ నిద్రించిన గంట యొకటి. భార్య ఆ మూడవదానిని విని కంట తడిపెట్టెను. అతని శ్రమ ఎట్టిదో ఇన్నేండ్ల మాటలలో తెలియనిది ఆ చిన్న సంతోషము వలన ఆమెకు తెలిసెను.

చిన్న సంతోషములు బాకీలు తీర్చవు, వానలు కురిపింపవు, దూరమున నున్నవారిని దగ్గరకు తేలేవు. వానిని చూచి కష్టము లేదని భ్రమపడుట తెలివితక్కువ. అయినను కష్టపడువారు దేనికొరకు కష్టపడుచున్నారో ఆ ఫలము మన యింట ఈ రూపముననే పండుచున్నది. పండిన పంటను కన్నెత్తి చూడక పాడుచేయుట రైతును అవమానించుట. అట్లే, మనకొరకు శ్రమించువారు సమకూర్చిన సుఖమును గుర్తింపకపోవుట వారి శ్రమను అవమానించుట. ఇంటివారు సంతోషముగా నుండుట దూరమున నున్నవానికి ద్రోహము కాదు. అది అతనికి చెల్లింపవలసిన బాకీ. ఆ బాకీని చెల్లించుటకు ధనము అక్కరలేదు. కన్నులు తెరచి చూచుట, చూచినదానిని మనసున నిలుపుకొనుట, నిలుపుకొన్నదానిని ప్రేమతో చెప్పుట చాలును.

వైశాఖమాసము ప్రారంభమైన మరునాడు తెల్లవారుజామున జేజి మనుమరాలిని తట్టి లేపెను. రేడియోలో పాట వచ్చుచుండెను. వీధి చివరనున్న వేపచెట్టు పూత గాలికి రాలుచు అరుగు నిండ పరచుకొనియుండెను. “పాపా, ఆ పుస్తకము ఎక్కడ పెట్టితివి? ఎండ రాకముందే వ్రాసికొనుము, తరువాత మరచిపోదును” అని జేజి తొందరపెట్టెను.